రీలు చూసి తీర్పులా?

కావలిలో టీ కొట్టు దగ్గర మా బావ తేల్చేశాడు: "తిక్కలోడబ్బయా! మ్యాపు లేకుండా అడవిలోకి ఎవురన్నా పోతారా?" 1992లో అలాస్కా అడవిలో ఒంటరిగా బతకబోయి, పాడుబడ్డ 142 నంబరు బస్సులో ప్రాణాలొదిలిన అమెరికా కుర్రాడు క్రిస్ మెకాండ్లెస్ గురించి. బావ చూసింది ఒక్క రీలు.

తిరిగొద్దామంటే పొంగిన నది అడ్డమొచ్చింది; మ్యాపుంటే కాస్త దిగువన నది దాటించే తాడు బుట్ట దొరికేదన్నది నిజమే. కానీ ఆ కథని 'ఇన్‌టు ది వైల్డ్' అనే పుస్తకంగా రాసిన జాన్ క్రాకవర్‌ని చూడండి. తను నిష్పక్షపాతిని కానని పుస్తకం మొదట్లోనే చెప్పాడు. కుర్రాడి ప్రాణం తీసింది అడవిలో తిన్న విత్తనాలేనని నమ్మి, వాటిలో విషమేంటని ఏళ్ల తరబడి ల్యాబుల్లో పరీక్ష చేయించాడు. 2013లో కేసరి పప్పులో ఉండే విషమే అన్నాడు, 2015లో కాదు వేరేదని తనే దిద్దుకున్నాడు. కుర్రాణ్ణి కొంచెం ఎక్కువే వెనకేసుకొచ్చాడులెండి.

చదివాక తిట్టుకోమని పుస్తకం బావ చేతిలో పెట్టా. "ఇంత లావుందేంట్రా" అన్నాడు.