ఎస్‌ఎమ్‌పీ ఏడాది: చేరకముందు వేసుకోవాల్సిన లెక్కలు, చేరాక మొదటి వారాలు

మెడికల్ స్కూల్ నుంచి యాక్సెప్టెన్స్ మెయిల్ వచ్చిన వారంలోనే ఇలాంటివి రాసేయాలి. ఆర్నెల్లు గడిస్తే కష్టాలన్నీ తీపి గుర్తులైపోతాయి, అసలు లెక్కలు మరిచిపోతాం. అమెరికాలో డిగ్రీ అయి, జీపీఏ తక్కువై, మెడికల్ స్కూల్ కోసం స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్ (ఎస్‌ఎమ్‌పీ) వైపు చూస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఇది. ఎంక్యాట్ (మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష) అంటే ఏమిటి, ప్రైమరీ (మొదట పెట్టే ఉమ్మడి అప్లికేషన్) అంటే ఏమిటి అనే పూర్తి పాఠం ఇక్కడ లేదు.

ఎస్‌ఎమ్‌పీ చేస్తే జీపీఏ బాగుపడుతుందన్న భ్రమ ముందు వదిలేయండి. బాగుపడదు. ఎండీ స్కూళ్ళకి అప్లికేషన్లు తీసుకునే ఆమ్‌కాస్‌లో గ్రాడ్యుయేట్ మార్కులది వేరే వరుస. మీ అండర్‌గ్రాడ్ 3.2 అయితే మాస్టర్స్‌లో 4.0 తెచ్చినా ఆ 3.2 అలాగే ఉంటుంది. పోస్ట్‌బ్యాక్ (డిగ్రీ అయ్యాక మళ్ళీ అండర్‌గ్రాడ్ కోర్సులు చదవడం) లెక్క వేరు, అక్కడ తీసుకునే కోర్సులు పాతవాటితో కలుస్తాయి. కానీ ఎంత కదులుతుందో చూడండి: 120 క్రెడిట్లు 3.2తో ఉన్నవాళ్ళు మరో 30 క్రెడిట్లు అన్నీ ఏ గ్రేడ్లతో పూర్తి చేస్తే వచ్చేది 3.36. ఏడాది చాకిరీకి 0.16. పాత సీ గ్రేడు కోర్సును మళ్ళీ చదివితే పాతది పోతుందనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆమ్‌కాస్ రెండూ లెక్కేస్తుంది. డీఓ (ఆస్టియోపతిక్ మెడికల్ స్కూళ్ళ) వైపు ఉన్న ఆ వెసులుబాటు కూడా 2017లో పోయింది.

మరి ఎస్‌ఎమ్‌పీ ఎందుకు? పాత మార్కులు చెరపడానికి కాదు, వాటి పక్కన కొత్త సాక్ష్యం పెట్టడానికి. జార్జ్‌టౌన్ లాంటి చోట మెడికల్ స్టూడెంట్లు చదివే ఫస్టియర్ కోర్సులే చదివి, వాళ్ళ పరీక్షలే రాస్తారు. బోస్టన్ యూనివర్సిటీ ప్రోగ్రామ్‌లో థీసిస్ కూడా ఉంటుంది. అడ్మిషన్స్ కమిటీ అడిగేది ఒక్కటే: మా ఫస్టియర్ బరువు ఈ పిల్ల మోయగలదా? దానికి సూటి జవాబు ఈ మార్కులు. అందుకే ఇది రెండువైపులా పదునున్న కత్తి. అండర్‌గ్రాడ్‌లో 3.2కి సవాలక్ష కారణాలు చెప్పుకోవచ్చు. ఎస్‌ఎమ్‌పీలో 3.2 వస్తే చెప్పుకోవడానికి కారణం మిగలదు. గ్రాడ్ స్కూల్లో బీ అంటే హాయిగా పాసవడం కాదు, అంచు మీద నిలబడటం.

2023–24లో ఎండీ సీటు వచ్చినవాళ్ళ సగటు జీపీఏ 3.77, ఎంక్యాట్ 511.7. మీకు 3.6 ఉండి ఎంక్యాట్ 500 దగ్గర ఆగిపోయి ఉంటే ఎస్‌ఎమ్‌పీలో చేరడమంటే జబ్బొకటి, మందింకొకటి. ఆ డబ్బూ ఆ ఏడాదీ ఎంక్యాట్‌కి పెట్టండి. అది జనవరిలోనూ, మార్చి నుంచి సెప్టెంబర్ దాకానూ జరుగుతుంది. ఎస్‌ఎమ్‌పీ ఆగస్టులో మొదలైతే దానికి ముందే రాసేయాలి. క్లాసులు జరుగుతుండగా ఎంక్యాట్ కూడా లాగేద్దామనుకుంటే రెండూ చెడతాయి. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్తున్నా, నూటికి తొంభై మంది చేసే తప్పు ఇదేననిపిస్తుంది.

మెడికల్ స్కూళ్ళకి అప్లై ఎప్పుడు చేయాలన్నది రెండో చిక్కు. ఎస్‌ఎమ్‌పీలో చేరబోయే ఏడాది జూన్‌లోనే ప్రైమరీ పెట్టేస్తే కమిటీకి కనిపించేది పాత 3.2 మాత్రమే. ఫాల్ గ్రేడ్లు చేతికొచ్చేసరికి డిసెంబర్ చివర. వాటిని అప్‌డేట్ లెటర్‌గా ఒక్కో స్కూలుకీ విడిగా పంపుకోవాలి, కొన్ని స్కూళ్ళు అప్‌డేట్లే తీసుకోవు. సొంత మెడికల్ స్కూల్‌తో లింకేజ్ (ముందస్తు ఒప్పందం) ఉన్నవాళ్ళకైతే ఈ దారి పనికొస్తుంది. లేనివాళ్ళు ఎస్‌ఎమ్‌పీ అంతా ముగించి, పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్‌తో తర్వాతి జూన్‌లో పెట్టడమే మేలు. మధ్యలో ఒక గ్యాప్ ఇయర్ వస్తుంది, రానివ్వండి. "ఇంకా మాస్టర్సేనా, మెడిసిన్ ఎప్పుడు?" అని పెళ్ళిళ్ళలో పిన్నిలూ బాబాయిలూ అడుగుతారు. తొందరపడి పెట్టిన అప్లికేషన్ తిరిగొస్తే మళ్ళీ రీఅప్లికెంట్ అన్న ముద్రతో వెళ్ళాల్సింది వాళ్ళు కాదు. లింకేజ్ అన్న మాట చూసి మురిసిపోకండి, షరతులు చదవండి. చాలాచోట్ల అది సీటుకి హామీ కాదు, ఇంత జీపీఏ, ఇంత ఎంక్యాట్ ఉంటే ఇంటర్వ్యూకి హామీ, అంతే.

డబ్బు సంగతి క్లుప్తంగా. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ (మిగిలిన ఖర్చంతటికీ ఇచ్చే ఫెడరల్) లోన్ లేదు. మాస్టర్స్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 20,500 డాలర్లే. చాలా ప్రోగ్రామ్‌లలో ట్యూషన్ ఒక్కటే దాన్ని దాటిపోతుంది. హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్న మన పిల్లలకి ఆ లోన్ కూడా రాదు. 21 నిండితే స్టేటస్ మార్చుకోవాలి, గ్రీన్‌కార్డ్ లేనివాళ్ళని తీసుకునే మెడికల్ స్కూళ్ళు తక్కువ. ఆ జాబితా చూసుకోకుండా ఎస్‌ఎమ్‌పీకి డిపాజిట్ కట్టకండి.

ఇక చదువు. ఏడాది ఫలితం మొదటి బ్లాక్ (కొన్ని వారాల పాఠాలకి కలిపి పెట్టే) పరీక్షలోనే సగం తేలిపోతుంది. మొదటి పరీక్షలో సగటు కంటే కింద పడితే మిగతా సెమిస్టరంతా దాన్ని పూడ్చుకోవడంతోనే సరిపోతుంది. అక్కడ పడేది తెలివి తక్కువై కాదు, అండర్‌గ్రాడ్ అలవాట్ల వల్ల. నిర్వచనాలు బట్టీపట్టి వెళ్తారు, పేపర్‌లో రోగి ఉంటాడు.

గుండె పనితీరు చెప్పే కార్డియాక్ ఫిజియాలజీనే తీసుకోండి. "ఆఫ్టర్‌లోడ్ పెరిగితే స్ట్రోక్ వాల్యూమ్ తగ్గుతుంది" అన్న వాక్యం అందరికీ వచ్చు (ఆఫ్టర్‌లోడ్ అంటే గుండె రక్తాన్ని నెట్టేటప్పుడు ఎదురయ్యే అడ్డు, స్ట్రోక్ వాల్యూమ్ అంటే ఒక బీట్‌కి బయటికెళ్ళే రక్తం). ప్రశ్న అలా రాదు. అయోర్టిక్ స్టెనోసిస్ (గుండె నుంచి రక్తం బయటికెళ్ళే కవాటం ఇరుకవడం) ఉన్న మనిషిని ఇచ్చి, ప్రెషర్-వాల్యూమ్ లూప్ ఎటు జరుగుతుందని అడుగుతారు. తెల్లకాగితం మీద గీయండి: అడ్డంగా వాల్యూమ్, నిలువుగా ప్రెషర్. ఈడీవీ (బీట్‌కి ముందు వెంట్రికల్‌లో నిండిన రక్తం) 120 మి.లీ., ఈఎస్‌వీ (బీట్ తర్వాత మిగిలింది) 50. స్ట్రోక్ వాల్యూమ్ 70, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (నిండినదాంట్లో బయటికెళ్ళిన వంతు) 58 శాతం. ఇప్పుడు ఆఫ్టర్‌లోడ్ పెంచండి. రక్తాన్ని బయటికి నెట్టాలంటే వెంట్రికల్ ఇంకా ఎక్కువ ప్రెషర్ తేవాలి, ఆ బలమంతా అక్కడే ఖర్చయి లోపల ఎక్కువ రక్తం మిగిలిపోతుంది. ఈఎస్‌వీ 70 అయిందనుకోండి: స్ట్రోక్ వాల్యూమ్ 50, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 42. లూప్ పొడుగైంది, సన్నబడింది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. తర్వాతి బీట్ సంగతి? అదనంగా మిగిలిపోయిన ఆ 20 మి.లీ. మీదికి సిరల నుంచి వచ్చే రక్తం చేరుతుంది. ఈడీవీ పెరుగుతుంది, ఫ్రాంక్-స్టార్లింగ్ (ఎక్కువ నిండి సాగిన గుండె గట్టిగా నెట్టడం) వల్ల స్ట్రోక్ వాల్యూమ్ కొంత తిరిగొస్తుంది. ఆప్షన్లలో "వెంటనే", "కొన్ని బీట్ల తర్వాత" అన్న తేడా పెట్టేది దీనికోసమే. ప్రీలోడ్‌కి (బీట్‌కి ముందు గుండె నిండే మేరకి) ఒకటి, కాంట్రాక్టిలిటీకి (గుండె కండరం బిగిసే బలానికి) ఒకటి గీసి, ఏ గీత కదిలిందో, ఏది కదలలేదో పక్కనున్నవాళ్ళకి నోటితో చెప్పగలిగితే ఆ చాప్టర్ వచ్చినట్టు.

ఆంకీ (ఫ్లాష్‌కార్డుల యాప్) గురించి ఒక మాట. రోజుకి నాలుగు లెక్చర్లు, లెక్చర్‌కి వంద కార్డులు చేస్తే రోజుకి నాలుగొందల కొత్త కార్డులు. వాటి రివ్యూలు పేరుకుపోయి మూడో వారానికల్లా యాప్ తెరవడానికే భయమేస్తుంది. లెక్చర్‌కి ఇరవై చాలు. మెకానిజమ్‌లు కార్డులో పెట్టకండి, అవి కాగితం మీద గీయాల్సినవి. ఎంజైముల పేర్లు, ఇమ్యునాలజీలో సీడీ మార్కర్లు (కణాలను గుర్తుపట్టే ప్రోటీన్ల పేర్లు) లాంటివే కార్డులకి. ఆ రోజు లెక్చర్ ఆ రాత్రికే ఒకసారి తిరగేయాలి. ఆదివారం చూద్దాం అనుకున్నవాళ్ళకి ఆదివారం ఇరవై లెక్చర్లు కనిపిస్తాయి. దీనికి మేధావితనం అక్కర్లేదు, కుదురుగా కూర్చోవడం కావాలి. రాత్రి రెండింటిదాకా మేలుకున్నామని గొప్పగా చెప్పుకునేవాళ్ళని పట్టించుకోకండి, నిద్ర చాలని బుర్రతో రోగి ప్రశ్నలు రెండుసార్లు చదవాల్సొస్తుంది.

రికమెండేషన్ లెటర్ కోసం ఫిబ్రవరిలో పరిచయం చేసుకుంటే "ఈ విద్యార్థికి ఏ వచ్చింది" అని రెండు లైన్లు వస్తాయి. సెప్టెంబర్ నుంచే ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళండి. "అర్థం కాలేదు సార్" అనొద్దు. మీరు గీసిన లూప్ ఆయన ముందు పెట్టి, ఈ మూల ఇటు జరగాలా అటు జరగాలా అని అడగండి.