యూరోడైనమిక్స్ పరీక్ష: నా అనుభవం

మధుమేహం, ప్రోస్టేట్ వాపు రెండూ ఉన్న మనిషికి మూత్రధార సన్నబడితే, కారణం ఆ రెండింటిలో ఏదో తేల్చడం అంత తేలిక కాదు. పెరిగిన ప్రోస్టేట్ గ్రంథి దారికి అడ్డుపడినా ధార సన్నబడుతుంది, ఏళ్ల తరబడి ఉన్న షుగరు వల్ల నరాలు దెబ్బతిని మూత్రాశయపు కండరం నీరసించినా సన్నబడుతుంది. స్కానింగ్‌లో నాకు గ్రంథి పెరిగిందనీ, మూత్రం పోసి వచ్చాక కూడా లోపల 180 మి.లీ. దాకా మిగిలిపోతోందనీ తెలిసినా, యూరాలజిస్టు వెంటనే ఆపరేషన్ మాట ఎత్తలేదు. “అడ్డు తీసేశాక కూడా నెట్టే బలం లేకపోతే మీకు ప్రయోజనం ఏముంటుందండీ? ముందు ఆ సంగతి చూద్దాం” అని, సన్నని గొట్టాలు పెట్టి మూత్రాశయపు ఒత్తిడినీ, ధారనూ కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష రాశారు. ప్రోస్టేట్ పెరిగిన ప్రతివారికీ ఈ పరీక్ష అవసరం లేదని, నాలాగా రెండు అనుమానాలు కలిసి ఉన్నవారికే చేయిస్తామని కూడా ఆయనే చెప్పారు.

పరీక్షకు ముందు మూడు రోజుల పాటు మూత్రం లెక్క రాసుకురమ్మన్నారు. ఏ వేళకు ఎంత నీరు, ఎంత కాఫీ తాగాను, ఏ వేళకు ఎంత మూత్రం వచ్చింది, ఆపుకోలేని తొందర ఉందా లేదా అన్నవి అందులో ఉండాలి. కొలతకు మందుల షాపులో గీతలున్న ప్లాస్టిక్ జాడీ ఒకటి కొని బాత్రూములో పెట్టుకున్నాను. రాత్రి రెండింటికి లేచి, కళ్లజోడు వెతుక్కుని, గీత ఎక్కడిదాకా వచ్చిందో చూసి రాయడం విసుగే అయినా, ఆ కాగితం చూశాకే పగటి కంటే రాత్రే ఎక్కువ మూత్రం పోస్తున్నానని నాకు తెలిసింది. దానితోపాటు యూరిన్ కల్చర్ చేయించాను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండగా గొట్టం వేస్తే అది రక్తంలోకి ఎక్కే ప్రమాదం ఉంటుంది కాబట్టి, కల్చర్ రిపోర్టు శుభ్రంగా వస్తేనే పరీక్షకు తేదీ ఇస్తారు. తొందర తగ్గడానికి వేరే డాక్టరు రాసిన మాత్రను, అది కండరాన్ని మెత్తబరుస్తుంది గనుక, కొన్ని రోజుల ముందే ఆపమన్నారు; షుగరు మాత్రలు మామూలుగానే వేసుకోమన్నారు. ఏ మాత్ర ఆపాలో, ఏది ఆపకూడదో మన డాక్టరే చెప్పాలి. మత్తు ఇవ్వరు కనుక పరగడుపున వెళ్లనక్కర లేదు, అయితే విరేచనం మాత్రం సాఫీగా అయి ఉండాలి.

మా కాలనీలో ఒక పెద్దమనిషి ఈ పరీక్షలో నరాలకు కరెంటు పెడతారని చెప్పి కాస్త భయపెట్టారు. అలాంటిదేమీ లేదు. మలద్వారం పక్కన అతికించే చిన్న స్టిక్కర్లు అక్కడి కండరం ఎప్పుడు బిగుస్తోందో, ఎప్పుడు వదులవుతోందో పసిగట్టడానికే గానీ, వాటి ద్వారా ఒంట్లోకి ఏ కరెంటూ రాదు.

పరీక్షనాడు నిండిన మూత్రాశయంతో రమ్మన్నారు. మొదట గరాటు బిగించిన కుర్చీలాంటి దాని మీద కూర్చుని మామూలుగా పోయాలి. కింద ఉన్న యంత్రం ధార వేగాన్ని గీతగా గీస్తుంది. కనీసం 150 మి.లీ. అయినా రాకపోతే ఆ గీతను నమ్మడానికి లేదట, కాబట్టి పిలుపు రాకముందే ఆగలేని స్థితి వస్తే మొహమాటపడకుండా సిస్టరుతో చెప్పేయడం మంచిది. నా ధార గరిష్ఠ వేగం సెకనుకు 7 మి.లీ. వచ్చింది, 15 దాటితే సాధారణంగా బాగున్నట్టు లెక్క.

తర్వాతిది అసలు ఘట్టం. మొద్దుబార్చే జెల్ పూసి, కాసేపు ఆగి, మూత్రనాళంలోంచి సన్నని గొట్టాన్ని మూత్రాశయంలోకి పంపారు. ప్రోస్టేట్ దగ్గర చురుక్కుమన్నది, “గట్టిగా ఊపిరి వదలండి సార్” అని టెక్నీషియన్ అన్న ఆ క్షణం దాటగానే తగ్గింది. మలద్వారంలోకి మరో గొట్టం. ఇదెందుకని అడిగితే ఆ కుర్రవాడు విసుక్కోకుండా తెర చూపించి చెప్పాడు. మూత్రాశయంలోని గొట్టం చూపే ఒత్తిడిలో పొట్ట ఒత్తిడి కూడా కలిసి ఉంటుంది. రెండో గొట్టం పొట్ట ఒత్తిడిని విడిగా చెబుతుంది. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే మిగిలేది మూత్రాశయపు కండరం సొంత బలం. “ఒకసారి దగ్గండి” అన్నాడు. దగ్గాను. పై రెండు గీతలూ ఒకేసారి సూదిమొనల్లా లేచాయి, వాటి తేడా చూపే మూడో గీత దాదాపు కదలలేదు. గొట్టాలు సరిగ్గా కూర్చున్నాయనడానికి అదే గుర్తు, అందుకే పరీక్ష నడుస్తున్నంతసేపూ మధ్యమధ్య దగ్గిస్తూనే ఉంటారు.

లోపల మిగిలిన మూత్రం తీసేసి, సెలైన్‌ను నిమిషానికి 30 మి.లీ. చొప్పున ఎక్కించడం మొదలుపెట్టారు. ఇక్కడ మన పని ఒక్కటే: మొదట ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు వెళ్లాలనిపించింది, ఎప్పుడు ఇక ఆగలేమనిపించింది అన్నది ఉన్నదున్నట్టు చెప్పడం. మరీ ముందే చెబితే పిరికివాడనుకుంటారేమో అన్న బెట్టు, ఇంకాస్త ఓర్చుకుందామన్న పంతం రెండూ రిపోర్టును తప్పుదారి పట్టిస్తాయి. నాకు 280 మి.లీ. ఎక్కేదాకా ఏమీ తెలియలేదు. షుగరు ఉన్నవారిలో ఇలా ఆలస్యంగా తెలియడం మామూలేనట. 520 దగ్గర ఇక చాలన్నాను.

గొట్టాలు ఉండగానే మళ్లీ పోయమన్నారు. నొప్పి కన్నా ఇదే కష్టమనిపించింది నాకు. తెర అవతల మనుషులున్నారన్న స్పృహతో, ఒంటి నిండా తీగలతో, ఎంత ముక్కినా చుక్క రాలేదు. ముక్కవద్దు, అది పొట్ట బలమే అవుతుందని చెప్పి, వాష్‌బేసిన్ కుళాయి తిప్పి వాళ్లు పక్క గదిలోకి వెళ్లారు. నీళ్ల చప్పుడు వింటూ కూర్చుంటే కాసేపటికి ధార మొదలైంది.

గొట్టాలు తీశాక యాంటీబయాటిక్ ఇచ్చి, నీళ్లు బాగా తాగమన్నారు. ఆ రోజంతా మంట, ఒకసారి గులాబీ రంగు మూత్రం వచ్చాయి, మర్నాటికి సర్దుకుంది. చలిజ్వరం వచ్చినా, మూత్రం బిగిసిపోయినా వెంటనే రమ్మని ముందే హెచ్చరించారు.

రిపోర్టులో, ధార గరిష్ఠంగా ఉన్నప్పుడు కండరం ఒత్తిడి 72 అని ఉంది. డాక్టరు నా ఎదుటే లెక్క వేశారు: ధార వేగం 7కు రెట్టింపు 14, దాన్ని 72లోంచి తీస్తే 58. ఇది 40 దాటితే అడ్డు ఉన్నట్టే. అదే 7ను అయిదుతో హెచ్చవేసి 72కు కలిపితే 107. వంద దాటింది గనుక కండరంలో బలం ఉంది. మూత్రాశయం గట్టిగానే నెడుతోంది, దారే ఇరుకైంది. మూత్రనాళంలోంచి దూరబీను గొట్టం పంపి ప్రోస్టేట్ గీకే ఆపరేషన్‌కు వచ్చే నెల తేదీ తీసుకున్నాను. నిండినట్టు ఆలస్యంగా తెలిసే లోపం దానితో పోదు కనుక, వెళ్లాలనిపించినా అనిపించకపోయినా గడియారం చూసి మూడు గంటలకొకసారి వెళ్లమన్నారు. అది ఇప్పటినుంచే మొదలుపెట్టాను.