మూడో ఏడాదికి దక్కిన చిన్న ఎర్రగడ్డలు

మా ఇంట్లో ఉల్లిపాయకి ఎవరి పేరు వాళ్ళది. నాది పుత్తూరు దగ్గర ఊరు, కాబట్టి నాకది ఎర్రగడ్డ, వెల్లుల్లి ఏమో తెల్లగడ్డ. మా ఆయనది వరంగల్, ఆయనకీ అత్తమ్మకీ ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. పిల్లలు హైదరాబాద్‌లో పుట్టారు, వాళ్ళకి రెండూ తెలీవు, ఆనియనే. ఇంక ఆ చిన్నచిన్నవి ఉంటాయి చూడండి, వాటిని మా అమ్మ చిన్న ఎర్రగడ్డలు అంటుంది, మా వీధిలో బండాయన సాంబారు ఉల్లి అంటాడు, అమెరికాలో ఉండే మా చెల్లెలు షాలట్స్ అంటుంది. ఆ షాలట్ అనే పేరు ఎక్కడో మధ్యధరా సముద్రం ఒడ్డున అస్కలోన్ అనే పాత ఊరిపేరు నుంచి వచ్చిందంట. మా చెల్లికి అక్కడ దొరికేవి పొడుగ్గా, లావుగా, మనవాటికి పెద్దమ్మ కూతుళ్ళలా ఉంటాయి, వాటితో సాంబారు పెడితే ఏదో తేడా కొట్టిందని ఫోన్‌లో ఒకటే గోల.

మా వైపు అరవదేశం పక్కనే కాబట్టి ఈ చిన్న ఎర్రగడ్డలు లేకుండా సాంబారు పెట్టరు, పులుసు పెట్టరు. మా అవ్వ అయితే సద్దికూట్లోకి నాలుగు గడ్డలు నేలమీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేది, కత్తితో కోస్తే ఆ రుచి రాదని. నిజంగానే రాదు, నేను రెండూ చూసినా. ఇక్కడేమో బండాయన పెద్ద ఉల్లికి రెండింతలు ధర చెప్తాడు, పైగా సగం గడ్డలు లోపల మెత్తగా ఉంటాయి, అందుకే మేడ మీద టమాటాలు, బెండకాయలు ఎలాగూ వేస్తున్నాం కదా ఇవీ వేద్దాం, ఇదేమన్నా బ్రహ్మవిద్యా అనుకున్నా. బ్రహ్మవిద్య కాదు కానీ నాకు మాత్రం మూడేళ్ళు పట్టింది. అదే చెప్దామని ఈ పోస్టు.

మొదటిసారి 2022 జూన్‌లో. తొలకరి పడింది, అందరూ విత్తనాలు వేస్తున్నారు, నేనూ ఊపులో ఒక కేజీ సాంబారు ఉల్లి కొని అందులోంచి ముప్పై గడ్డలు గ్రో బ్యాగుల్లో గుచ్చేసినా. అయిదో రోజుకే పచ్చగా మొలకలు. వారానికి జానెడు ఆకులు. ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి నాకు నేనే రైతుని అయిపోయినా. జూలైలో వాన మొదలైంది చూడండి, వారం రోజులు ఆగకుండా, ఆకుల కొసలు పసుపు పచ్చగా అయినాయి, నేనేమో బలం చాల్లేదేమో అని దానికి తోడు వర్మీ కంపోస్టు వేసి మళ్ళీ నీళ్ళు పోసినా. ఒకటి పట్టుకుని లాగితే ఆకు చేతికొచ్చింది, గడ్డ కిందే ఉండిపోయింది. తవ్వి చూస్తే అడుగు భాగం, వేళ్ళు వచ్చే చోటు, తెల్ల బూజు పట్టి జావ అయిపోయి ఉంది. ఆ కంపు నాలుగు రోజులు చేతుల్ని వదల్లేదు.

అమ్మకి ఫోన్ చేస్తే అడిగిన మొదటి మాట, "మట్టిలో ఏమేం కలిపినావే?" కోకోపీట్ సగం, ఎరువు పావు, మట్టి పావు అన్నా. కోకోపీట్ అంటే ఏందో చెప్పాల్సొచ్చింది, కొబ్బరి పీచు పొట్టు అని. "పీచు నీళ్ళు పట్టుకోనుంటది గదా, దాంట్లో ఎర్రగడ్డ యేస్తారా ఎవురైనా? వానాకాలంలో మళ్ళ నీళ్ళు పోసినావా నువ్వు?" అని నవ్వింది. పోసినా మరి.

2023లో ఆ తప్పులన్నీ సరిచేసుకున్నా, కొత్తవి చేసినా. అమ్మే సంతలో కొని పంపించింది గడ్డలు, అప్పుడే పొలం నుంచి వచ్చినవి, కాడలు కూడా పూర్తిగా ఎండలేదు, మిలమిలా మెరుస్తున్నాయి. అక్టోబర్‌లో నాటినా. పది రోజులు, ఇరవై రోజులు, ఉలుకూ పలుకూ లేదు. చెడిపోయినాయేమో అని తీసి చూస్తే గట్టిగా రాయిలా ఉన్నాయి. తర్వాత తెలిసిందేంటంటే కొత్తగా తవ్విన గడ్డకి ఒక నిద్ర ఉంటుంది, నెలో రెండు నెలలో అలా పడుంటే గానీ మొలక తియ్యదు. అంటే నాటడానికి కావాల్సింది నిగనిగలాడే తాజా సరుకు కాదు, బుట్టలో మర్చిపోయి మూలన పడి మొలకొస్తున్న పాత సరుకు. బండాయన దగ్గర నేను ఏరి పక్కన పడేసేవే అసలు విత్తనాలు! ఈ ముక్క ఎవరూ ఎందుకు చెప్పరో.

సరే ఆలస్యంగానైనా మొలిచినాయి, ఈసారి మట్టి కూడా బాగుంది, డిసెంబర్‌కి ఏపుగా వచ్చినాయి. అప్పుడు మా అత్తమ్మ వచ్చింది వరంగల్ నుంచి. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పెట్టెలో ఆకులన్నీ క్రాఫు చేసినట్టు ఒక్క లెవెల్లో ఉన్నాయి. వంటింట్లోంచి ఘుమఘుమ. "ఉల్లాకు మంచిగ లేతగున్నది బిడ్డా, పప్పుల ఏసిన. మల్ల పెరుగుతది తీ" అంది. పప్పు మాత్రం అద్భుతంగా ఉంది, అబద్ధం చెప్పను, రెండోసారి వేయించుకుని తిన్నా. ఆకు మళ్ళీ పెరిగింది కూడా. ఆమె మళ్ళీ కోసింది. గడ్డ లావెక్కాలంటే తిండి తయారయ్యేది ఆ ఆకులోనే కదా, ఆకు కోసేస్తే కింద ఏం ఊరుతుంది, చివరికి తవ్వితే బఠాణీ గింజంత గడ్డలు గుత్తులుగా. అత్తమ్మ వాటిని కూడా తాలింపులో వేసింది, అది వేరే సంగతి.

ఇంక 2024. ఈసారి అత్తమ్మకి సెపరేటుగా ఒక పెట్టె ఇచ్చేసినా, ఉల్లాకు కోసం, పది గడ్డలు దగ్గర దగ్గరగా గుచ్చి, ఇది మీది, ఎంతైనా కోసుకోండి అని. మిగతా రెండు పెట్టెలు నావి. పండ్ల దుకాణం వాళ్ళు పారేసే థర్మాకోల్ పెట్టెలే, రెండడుగుల పొడవు, లోతు ఎనిమిది అంగుళాలు కూడా ఉండదు. ఉల్లి వేళ్ళు లోతుకి పోవు కాబట్టి అంత చాలు, పెద్ద పెద్ద డ్రమ్ములు దీనికి దండగ. అడుగున స్క్రూడ్రైవర్ కాల్చి పది పన్నెండు చిల్లులు పెట్టినా, కింద రెండు ఇటుకలు ఎత్తు. మట్టి ఏమో ఎర్రమట్టి సగం, బాగా మాగిన పశువుల ఎరువు పావు, ఇసుక పావు, దాంట్లో రెండు గుప్పెళ్ళు వేపపిండి. గుప్పిట్లో పట్టుకుని పిండితే ముద్ద అవ్వాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి, అదే నా లెక్క.

దీపావళి వెళ్ళిన వారానికి, నవంబర్ 6న నాటినా. ముప్పై ఆరు గడ్డలు, అన్నీ కలిపి కిచెన్ స్కేలు మీద 250 గ్రాములు. గడ్డని ఏరేటప్పుడు ఒకటి చూడండి, కొన్ని గుండ్రంగా ఒక్కటిగా ఉంటాయి, కొన్ని పైపొట్టు మీంచే రెండు మూడు బుడిపెలు తెలుస్తుంటాయి. అడ్డంగా కోస్తే లోపల రెండు మూడు కేంద్రాలు కనిపిస్తాయి. ఒక్కో కేంద్రం ఒక్కో పిలక అవుతుంది, ఆ పిలక మళ్ళీ గడ్డ కడుతుంది, అందుకే ఇది ఒకటి వేస్తే గుత్తి వస్తుంది. నిజానికి పెద్ద ఉల్లి, ఇది ఒకటే జాతి, శాస్త్రం పేరు కూడా ఒకటే, ఆలియమ్ సెపా, కాకపోతే ఇది గుంపుగా కాపురం చేసే రకం. మన కడప వైపు ఎగుమతి కోసం వేసే కేపీ ఉల్లి, అంటే కృష్ణాపురం ఉల్లి, కూడా చిన్నగానే ఉంటుంది, చాలామంది అదీ ఇదీ ఒకటే అనుకుంటారు, కాదు, అది నారు పోసి నాటేది, ఒక మొక్కకి ఒకటే గడ్డ.

నాటడం అంటే ఏం లేదు, పొట్టు తియ్యకుండా, వేరు భాగం కిందకి, ముక్కు మట్టికి పైన కనిపించేట్టు గుచ్చడమే, గడ్డకి గడ్డకి నాలుగు అంగుళాలు. లోతుగా పూడ్చకండి. కానీ ముక్కు బయటికి ఉంటే ఇంకో తలనొప్పి ఉంది, పావురాలు. హైదరాబాద్ మేడల మీద పావురాలకి పనీపాటా ఉండదు కదా, నాటిన మర్నాడు పొద్దున చూస్తే పదకొండు గడ్డలు గోడ పొడుగునా పడున్నాయి. తినవు, పోనీ తింటే ఒక అందం, ఊరికే పీకి పారేస్తాయి. పాత దోమతెర కప్పి నాలుగు పక్కలా ఇటుకలు పెట్టినా, రెండు వారాలకి వేళ్ళు మట్టిని పట్టుకున్నాక తీసేసినా.

నీళ్ళు. ఇక్కడే నా బుద్ధి మారింది. మొలకొచ్చేదాకా తడి ఆరకుండా, తర్వాత రెండు మూడు రోజులకోసారి, పైన ఒక అంగుళం మట్టి పొడిబారిందని వేలు పెట్టి చూసుకున్నాకే. పొద్దున పూట, మొక్క మొదట్లో, ఆకుల మీద పడకుండా. రోజూ మేడెక్కి మగ్గు పట్టుకోవడం అలవాటైన చెయ్యికి అది చాలా కష్టం అండీ, చెయ్యి ఊరుకోదు. పక్కన టమాటాకి పోస్తూ పోస్తూ దీనికీ ఓ చెంబు పోసేస్తాం. అందుకే పెట్టెలు రెండూ తీసుకెళ్ళి ట్యాంకు వెనక వైపు పెట్టినా, ఎండ అక్కడే బాగా పడుతుంది, పైగా నా కంట పడవు.

డిసెంబర్ చివర్లో ఆకుల మీద వెండి గీతల్లా తెల్ల చారలు వచ్చినాయి. తామర పురుగులు. కంటికి సరిగ్గా ఆనవు, తెల్ల కాగితం మీద ఆకుని దులిపితే సన్నటి పసుపు నలుసులు పాకుతుంటాయి. ఇవి ఆకులు విడిపోయే సందులో దాక్కుంటాయి కాబట్టి పైపైన స్ప్రే చేస్తే లాభం లేదు. లీటరు నీళ్ళకి 5 ఎంఎల్ వేపనూనె, నూనె కలవడానికి కొంచెం కుంకుడు రసం, సాయంత్రం పూట సందుల్లోకి దిగేట్టు కొట్టినా, వారానికోసారి మూడుసార్లు. పూర్తిగా పోలేదు, కానీ చలి ఉన్నన్నాళ్ళు పెద్దగా పెరగలేదు. ఎండలు ముదిరాక అయితే వాటిని ఆపడం నా వల్ల అయ్యేది కాదు, ఆలస్యంగా నాటకండి అని అందుకే చెప్పేది.

జనవరిలో గడ్డలు మట్టిని తోసుకుని పైకి తేలినాయి. గుండ్రంగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఆరేడు గడ్డలు, మధ్యలో ఖాళీ. నాకేమో మట్టి కప్పాలని చెయ్యి దురద, అమ్మ వద్దంది, "అట్నే ఉండనీ, దానికి ఎండ తగలాల" అని. సంక్రాంతి దాటి వారానికి ఆకులు మెడ దగ్గర మెత్తబడి ఒక్కొక్కటే పక్కకి వాలిపోవడం మొదలైంది. మొదటి ఏడాది అయితే గాబరాపడి నీళ్ళు పోసేదాన్నే. అది జబ్బు కాదు, పంట. సగానికి పైగా వాలినాక నీళ్ళు పూర్తిగా ఆపి, వారం ఆగి, ఫిబ్రవరి 1న పీకినా. నాటినప్పటి నుంచి 87 రోజులు.

మట్టి దులిపి తూచితే 1 కేజీ 400 గ్రాములు! 250కి 1400. మా ఆయన క్యాలిక్యులేటర్ తీసి మట్టి, ఎరువు, వేపనూనె ఖర్చులన్నీ కూడి కేజీ ఎంత పడిందో లెక్క చెప్పబోయాడు, చెప్పొద్దన్నా. తమిళనాడులో పెరంబలూరు, దిండుగల్ వైపు దీన్ని పొలాలకి పొలాలు వేస్తారు, వాళ్ళు పెట్టిన గడ్డకి ఎనిమిది పదింతలు తీస్తారంట. ఈ గడ్డల ఖర్చు భరించలేక విత్తనంతో పెంచుకునే రకం కూడా కోయంబత్తూరు వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు తెచ్చారు, సీవో 5 అని. నాలాంటి రెండు పెట్టెల రైతుకి గడ్డలే సుఖం.

పీకినాక కడక్కండి. ఆకులతో సహా నీడలో గాలి తగిలేట్టు పరిచి పది రోజులు వదిలేసినా, ఆకు ఎండి మెడ సన్నగా తాడులా అయ్యేదాకా. మెడ పచ్చిగా ఉండగా కోస్తే అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. ఎండిన ఆకుల్నే జడలాగా అల్లి నాలుగు కట్టలు కట్టి వంటింటి కిటికీ పక్కన మేకుకి తగిలిస్తే మా పాప దిష్టికి కట్టావా అని అడిగింది.

మొదటి సాంబారు అత్తమ్మ ఉన్నప్పుడే పెట్టినా. పొట్టు తియ్యడానికి ఇద్దరం కూర్చున్నాం, పది నిమిషాలు నీళ్ళలో నానబెడితే ఊడొస్తుందని నేను, ఒద్దు, చప్పబడ్తయి అని ఆమె, చివరికి ఎవరి గిన్నె వాళ్ళది. ఆమెదే ముందు అయిపోయింది. కొన్ని గడ్డలు పక్కన పెట్టి రాగి సంగటిలోకి గుద్దుకుందామని నేలమీద పెట్టి పిడికిలితో కొట్టినా, మా అవ్వ లాగా. చెయ్యి అదిరిపోయింది, గడ్డకి గీత కూడా పడలేదు. అత్తమ్మ పప్పుగుత్తి తెచ్చిచ్చింది.

నాలుగు కట్టల్లో ఒకటి విత్తనానికని ఎర్ర దారం కట్టి బీరువా పైన పెట్టినా. దీపావళికి తీసి చూడాలి. ఎర్రదారం అయితే ఉంది, గడ్డలు మొన్న లెక్కపెడితే మూడు తక్కువ వచ్చినాయి. ఇంట్లో ఎవర్ని అడిగినా నాకు తెలీదంటే నాకు తెలీదంటున్నారు.