మర్రి చెట్ల కింద బీజాపూర్ రోడ్డు

హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత ఆ దారిన వెళ్లడం నాకదే మొదటిసారి. 2025 నవంబరు 3న కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది పోయిన చోటు అది. ఆలూరులో చుట్టాలింటికని పొద్దున్నే మెహదీపట్నంలో పరిగి బస్సెక్కాను. పక్క సీట్లో ఒక అవ్వ. రైతుబజారులో టమాటా అమ్ముకుని, ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి పెట్టి కాళ్ల సందున ఇరికించుకుంది. ఆమెదీ ఆలూరే.

అప్పా జంక్షన్ దాకా అంతా సిటీయే. అక్కడి నుంచి మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్లు మర్రి చెట్ల దారి. బండ్లకు ఇటొక వరుస, అటొక వరుస, నడుమ డివైడర్ లేదు. తొమ్మిది వందలకు పైగా మర్రులు. వాటి సంగతి పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి, నాలుగు వరుసల విస్తరణ ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఆ చెట్లంటే నాకు ప్రాణం. కానీ పొద్దున డ్యూటీలకు, కాలేజీలకు పోయేవాళ్లు కొత్త రోడ్డు పూర్తయ్యేదాకా ఇంట్లో కూర్చోలేరు కదా.

మొయినాబాద్ దాటాక ఒక స్టేజీలో బస్సు తారు మీదే ఆగింది. పక్కకు తీయడానికి జాగా ఉంటే కదా! పిల్లలు ఎక్కుతుంటే వెనక టిప్పర్, దాని వెనక రెండు కార్లు, స్కూలు వ్యాను ఆగిపోయాయి. ఒక కారతను ఓపిక పట్టలేక కుడికి తీశాడు. ఎదురుగా లారీ లైట్లు కొట్టింది. చెరొకరు 60 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే మధ్య దూరం సెకనుకు 33 మీటర్లు తరిగిపోతుంది. ఓవర్‌టేక్‌కు ఎనిమిది సెకన్లు పడితే 260 మీటర్లకు పైనే. మలుపుల్లో, ఊడల చాటున అంత దూరం ఎక్కడ కనిపిస్తుంది?

ఆ కారుకు దారివ్వబోయి పాల క్యాన్ల బండతను తారు దిగాడు. తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు ఎత్తు. ముందు చక్రం ధబ్బున పడింది, క్యాను మూత ఎగిరి పాలు అతని ప్యాంటు మీద ఒలికాయి. కాలు ఆనించి ఎలాగో నిలబడ్డాడు. నా గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"రోజూ గిట్లనే బిడ్డా," అంది అవ్వ. "దిగేటప్పుడు ముందుగాల ఎన్కకు సూస్త. ఏమొస్తుందో ఎర్కలేదు."

నాలుగు వరుసల రోడ్డు పూర్తయ్యేలోపు చేయగలిగినవి ఉన్నాయి. తారు అంచుకు సమంగా మొరం నింపి రోలర్ తొక్కిస్తే ఆ జానెడు గుంత పోతుంది. స్టేజీల దగ్గర, చెట్ల సందు చూసి, బస్సు పక్కకు ఆగేంత జాగా చదును చేయాలి. అది ఒక్కటి చేసినా ఇలాంటి ఓవర్‌టేకులు తగ్గుతాయి. మలుపుల్లో మధ్య గీత తెగకుండా వేస్తే దాటకూడదని అర్థం. ఇప్పుడక్కడ గీతే చెరిగిపోయింది. మాను మొదళ్లకు రాత్రి మెరిసే పట్టీలు కావాలి. వీటికి ఒక్క కొమ్మ కూడా కొట్టక్కర్లేదు.

ఆలూరు స్టేజీలో దిగాం. 2024 డిసెంబరులో రోడ్డు పక్క కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది ఇక్కడే. అవ్వ గంపలు నేను పట్టుకున్నాను, ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. అవతలి పక్కకు దాటడానికి మాకు ఏడు నిమిషాలు పట్టింది.