మోజెల్ తోటల్లో మా నాయిన

మా నాయిన మేడ్చల్ దగ్గర ఏళ్లతరబడి అంగూర తోట చేశాడు. అనాబ్‌షాహి రకం, రాతి కడీల మీద పందిరి. ఆ భూమి ఇప్పుడు వెంచర్ అయింది, తోట లేదు గానీ తోట యావ పోలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంటికి వచ్చినప్పటి నుంచి సూపర్ మార్కెట్‌కి తీసుకెళ్తే చాలు, ద్రాక్ష డబ్బా ఎత్తి కాడ పచ్చగా ఉందో ఎండిందో చూసి పెడతాడు. అక్టోబర్‌లో మోజెల్ నది లోయలో రీస్లింగ్ అనే వైన్ ద్రాక్ష కోతలు సాగుతుంటాయి కాబట్టి ఒక శనివారం అటు బయల్దేరాం.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కోబ్లెంజ్ వెళ్లే రైలు చాలా దూరం రైన్ నది వెంబడే పోతుంది. జనం డబ్బు పెట్టి పడవలెక్కి చూసే కోటలన్నీ నాయిన నిద్రలోనే దాటేశాడు. కోబ్లెంజ్‌లో మోజెల్ రైన్‌లో కలుస్తుంది. అక్కడ బండి మారి ట్రీర్ వైపు వెళ్లే రైలెక్కాక, కొండల మీద తోటలు మొదలయ్యాయి. ఇక మనిషి కిటికీకి అతుక్కుపోయాడు.

"ఏందిరా ఇది, మనుషులు ఎక్కుతరా, మేకలు ఎక్కుతయా?"

అడగడంలో తప్పేం లేదు. కొహెమ్ దాటాక నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం వస్తుంది, 1879 నాటిది. అది దాటిన కాసేపటికి ఎల్లెర్, బ్రెమ్ ఊళ్ల మధ్య కాల్‌మాంట్ అనే కొండ ఉంది. కొన్నిచోట్ల వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. యూరప్‌లో అంతకన్నా నిటారుగా ఉండే ద్రాక్షతోట లేదంటారు. తోటలోకి వెళ్లడానికి ఇనుప నిచ్చెనలు, పట్టుకోవడానికి తీగతాళ్లు బిగించిన కాలిబాట ఉంది. ట్రాక్టర్ మాటే లేదు. ఒంటి పట్టా మీద నడిచే చిన్న మోటారు బండి మనుషుల్నీ కాయనీ మోస్తుంది, మిగతాదంతా చేతిపనే.

మేం దిగింది ట్రాబెన్-ట్రార్బాఖ్‌లో. బుల్లాయ్ దగ్గర చిన్న రైలు మారాలి. అందరూ వెళ్లే కొహెమ్‌కి నేను ఇంతకుముందే వెళ్లాను. కొండమీది కోట ఫొటోలో బాగుంటుంది గానీ, 1689లో ఫ్రెంచి సైన్యం కూల్చినదాన్ని 19వ శతాబ్దంలో ఒక బెర్లిన్ వ్యాపారి మళ్లీ కట్టించుకున్నాడు. కింద వీధుల్లో శనివారం అడుగు తీసి అడుగు వేయలేం. ట్రాబెన్-ట్రార్బాఖ్ నదికి రెండు వైపులా ఉన్న ఊరు, 1900 ప్రాంతంలో వైన్ వ్యాపారంలో ఫ్రాన్స్‌లోని బోర్డో తర్వాత దీని పేరే చెప్పేవారట. ఆ డబ్బుతో కట్టిన భవనాలు, వాటి కింద పెద్ద పెద్ద నేలమాళిగలు ఇప్పటికీ ఉన్నాయి.

ఊరి చివర ఒక ఇంటి గుమ్మానికి ఆకుల గుత్తి వేలాడదీసి ఉంది. లోపల రైతు తన సొంత వైన్ పోస్తున్నాడని గుర్తు. ఏడాదిలో నాలుగు నెలలకు మించి తెరవకూడదు, నలభై కుర్చీలు దాటకూడదు, బయట కొన్న వైన్ అమ్మకూడదు. ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి. ఆ ఇంటావిడ అప్పుడే తోట నుంచి వచ్చినట్టుంది, రబ్బరు బూట్లకు ఇంకా మట్టి ఉంది. మా నాయనది కూడా తోటే అని చెప్పగానే మెనూ కార్డు పక్కన పడేసి మమ్మల్ని ఇంటి వెనక చెలకలోకి తీసుకెళ్లింది.

తర్వాత అరగంట నేను దుబాసీని.

నాయిన మొదటి అనుమానం పందిరి గురించే. ఇక్కడ తీగకొక కర్ర, అంతే. రెండు కొమ్మల్ని చెరో పక్క కిందికి వంచి కట్టేస్తారు, దూరం నుంచి ఆకారం హృదయం బొమ్మలా కనబడుతుంది. "పందిరి లేకుంటె ఎండకు కాయ మాడిపోదా?" అన్నాడు. ఆవిడ నవ్వింది. హైదరాబాద్ 17వ అక్షాంశం దగ్గర, ఈ లోయ దాదాపు 50 దగ్గర. మనం పందిరి వేసి కాయకు నీడ ఇస్తాం, వీళ్లకు ఎండ దొరకడమే గగనం. అందుకే ఎండకు ఎదురుగా ఉన్న నిటారు కొండల్నే పట్టుకున్నారు. నేలంతా నల్ల పలకరాయి పెచ్చులు, పగలు వేడిని పట్టుకుని రాత్రి వదులుతాయి. నాయిన ఒక పెచ్చు తీసి చెంపకు ఆనించుకుని చూశాడు.

రెండో ప్రశ్న: "మందు ఎట్ల కొడ్తరు ఇంత ఎత్తుల?" హెలికాప్టర్‌తో, అంది. బూజు తెగులు, బూడిద తెగులు రెండూ ఇక్కడా ఉన్నాయి మరి. నేను ఆ తెగుళ్ల పేర్లకు జర్మన్ మాటలు వెతుక్కుంటుంటే, నాయిన ఒక ఆకు తిప్పి వెనకవైపు మచ్చ చూపించి "బోర్డో" అన్నాడు. ఆవిడ తలూపింది. మైలుతుత్తం, సున్నం కలిపే ఆ మందు మేడ్చల్‌లో ఎంత తెలుసో మోజెల్‌లో అంత తెలుసు.

తర్వాత జేబులోంచి చక్కెర కొలిచే చిన్న గొట్టం తీసి, ఒక కాయ రసం దానిమీద పిండి నాయిన చేతిలో పెట్టింది. మా తోటలో అది వాడేవాళ్లం. కంటికి పెట్టుకుని "ఇరవై దాటింది, ఇంకెందుకు ఆపుతున్నరు?" అన్నాడు. తినే కాయకు అదే ఎక్కువ, వైన్‌కి ఇంకొంచెం ఆగితే మేలట. కొందరు గుత్తులు తీగ మీదే వదిలి చలికాలం దాకా కాచుకుంటారు. సున్నా కింద 7 డిగ్రీలకు పడిన రాత్రి, గడ్డకట్టిన కాయను తెల్లారకముందే కోసి అలాగే పిండితే చిక్కటి తీపి వైన్ వస్తుంది. అది జూదం. 2019 పంటకు దేశం మొత్తం మీద అంత చలి పడనేలేదు.

లోపలికొచ్చాక ఫెడర్‌వైసర్ తెచ్చింది. ఇంకా పులుస్తూనే ఉన్న ద్రాక్షరసం, మబ్బుగా ఉంటుంది, ఈ కోతల కాలంలో తప్ప దొరకదు. సీసా మూత బిగించరు, బిగిస్తే పగులుతుంది. రైల్లో తెచ్చుకోవాలంటే నిలబెట్టే పట్టుకోవాలి. నాయిన ఒక గుక్క తాగి "ఇది కల్లేరా, పొద్దుగాల దించింది" అన్నాడు. దానితో తినే, కేకులా కాల్చే ఉల్లిగడ్డల పై‌లో పంది మాంసం ముక్కలు వేస్తారు, లేకుండా అడిగాం. శనివారం ఆయన నీసు ముట్టడు. ఫెడర్‌వైసర్ మాత్రం ఆ లెక్కలోకి రాదట.

ఆవిడ కొడుకు స్టుట్‌గార్ట్‌లో కార్ల కంపెనీలో పని చేస్తాడు. కోతకు పోలాండ్, రొమేనియాల నుంచి కూలీలు రావాల్సిందే. ఎదురు కొండ మీద తోటల మధ్య ముళ్లపొదలు మొలిచిన ముక్కలు చూపించింది, చేసేవాళ్లు లేక వదిలేసినవి. 1990ల మొదట్లో ఈ లోయలో 12,000 హెక్టార్లకు పైగా ద్రాక్ష ఉండేది, ఇప్పుడు సుమారు 8,500. ఆ ముక్కల ధర ఎంతని నాయిన అడిగాడు. చెబితే మూడుసార్లు మళ్లీ అడిగించాడు. మేడ్చల్‌లో ఒక ప్లాటు అమ్మితే ఇక్కడ కొండలో పెద్ద ముక్కే కొనొచ్చు. కొంపదీసి కొంటానంటాడేమోనని నాకు భయం వేసింది.

సాయంత్రం బస్సులో బెర్న్‌కాస్టెల్-కూస్. చెక్క చట్రాల ఇళ్లు, 1416 నాటి గొడుగులాంటి సన్న ఇల్లు, దాని ముందు ఫొటోల క్యూ. నాకు నచ్చింది నది అవతల ఉన్న వృద్ధాశ్రమం. నికొలాస్ ఫన్ కూస్ అనే క్యాథలిక్ మతగురువు (కార్డినల్) 1458లో 33 మంది ముసలివాళ్ల కోసం పెట్టాడు, ఖర్చుకి ద్రాక్షతోటలు రాసిచ్చాడు. ఆశ్రమం ఇప్పటికీ నడుస్తోంది.

మీరెవరైనా వెళ్లాలనుకుంటే కాలం చూసుకోండి. మార్చి చివర, ఏప్రిల్‌లో కొహెమ్ చుట్టుపక్కల తోటల్లో పీచ్ చెట్లు గులాబీ రంగు పూస్తాయి, జనం తక్కువ. సెప్టెంబర్ మొదటి వారాంతం బెర్న్‌కాస్టెల్‌లో పెద్ద వైన్ జాతర, గది దొరకదు. డిసెంబర్‌లో ట్రాబెన్-ట్రార్బాఖ్ నేలమాళిగల్లోనే క్రిస్మస్ సంత పెడతారు, చలికి భయపడేవాళ్లకు ఇదే మేలు. వాన పడితే ట్రీర్ మ్యూజియానికి పొండి. పీపాలు మోసే రోమన్ పడవ రాతి శిల్పం ఉంది, నాయ్‌మాగెన్‌లో 1878లో దొరికింది, పడవ నడిపేవాళ్లలో ఒకడు హాయిగా నవ్వుతుంటాడు. నా ఓటు మాత్రం అక్టోబర్‌కే.

తిరుగు రైల్లో నాయిన లెక్కలు మొదలుపెట్టాడు. చిత్త కార్తెలో మనం అంగూర తోట కటింగ్ చేస్తాం, వీళ్లు కాయ తెంపుతున్నారు. మరి వీళ్ల కటింగ్ ఎప్పుడు? జనవరి నుంచి మార్చి దాకా, ఆకు రాలి తీగ నిద్రపోయాక. మన తీగకు చలినిద్ర లేదు కాబట్టే ఏడాదికి రెండుసార్లు కత్తెర పెట్టాలి అని ఆయనే తేల్చాడు. వీళ్ల కటింగ్ నాటికి ఆయన వీసా గడువు అయిపోతుంది. ఆవిడ నంబర్ నేను తీసుకున్నాను. ఫిబ్రవరిలో ఒక శనివారం నేను వెళ్లి వీడియో కాల్‌లో కటింగ్ చూపించాలి, కొమ్మకు ఎన్ని కళ్లు (చిగురు మొగ్గలు) ఉంచుతారో దగ్గరగా చూపించాలి, ఫోన్ ఊపకూడదు. ఈ షరతులన్నీ కోబ్లెంజ్ రాకముందే ఖరారయ్యాయి.