తుప్పు పట్టిన బోల్టు విరగకుండా రావాలంటే: పాత కారు విప్పిన నా అనుభవం

పాత కారు బాగుచేయడం అనగానే అందరూ ఇంజన్ గురించి, పెయింట్ గురించి అడుగుతారు గానీ, నా టైమ్ అంతా తిన్నది మాత్రం బోల్టులే. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నిలబడిన బండి. కిందికి దూరి లైటు వేసి చూస్తే ఏది బోల్టు తలో, ఏది తుప్పు పెచ్చో తెలియలేదు. రాని బోల్టు దగ్గర ఎంతసేపైనా కూర్చోవచ్చు, విరిగిన బోల్టుతోనే అసలు తంటా. అందుకే నేను చేసిన ప్రతి పనీ విరగకుండా చూసుకోవడానికే.

ముందు అది ఎందుకు బిగుసుకుంటుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. ఇనుము తుప్పుగా మారితే ముందుకంటే చాలా ఎక్కువ చోటు కావాలి దానికి. నట్టుకూ బోల్టుకూ మధ్య త్రెడ్లలో (మర గాట్లలో) ఉండేదే సన్నటి సందు, అందులో ఆ ఉబ్బిన తుప్పు నిండిపోయి లోపలి నుంచి రెండు వైపులా నొక్కుతూ ఉంటుంది. బలం పెట్టి తిప్పితే ఆ తుప్పు వదలకముందే బోల్టు మెడ మెలి తిరుగుతుంది. కాబట్టి బలం కంటే ముందు ఆ తుప్పును పగలగొట్టాలి, పొడి చేసి బయటికి రప్పించాలి.

మొదటి పని వైర్ బ్రష్. తల దగ్గర కాదు, వెనకవైపు బయటికి పొడుచుకొచ్చిన త్రెడ్ల దగ్గర. చాలామంది దీన్ని పట్టించుకోరు. బోల్టు ఊడి రావాలంటే ఆ తుప్పు పట్టిన కొస మొత్తం నట్టులోంచి వెనక్కి రావాలి కదా, సగం వచ్చి మళ్లీ బిగుసుకునేది అక్కడే. అది శుభ్రం చేశాక పెనిట్రేటింగ్ ఆయిల్, అంటే సన్నటి సందుల్లోకి దిగే ఆయిల్. డబ్ల్యూడీ-40 అందరి దగ్గరా ఉంటుంది గానీ 1953లో దాన్ని తయారుచేసింది లోహం మీద తేమను తరిమి తుప్పు రాకుండా చూడటానికి, మొండి బోల్టులకు ఆ పని కోసమే చేసిన ఆయిల్ వాడటం మేలు. అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ సగం సగం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. పనిచేస్తుంది, కానీ అవి రెండూ సరిగా కలవవు, ప్రతిసారీ బాగా ఊపాలి, పెయింట్‌ను తినేస్తుంది, ఇట్టే నిప్పు అంటుకుంటుంది కూడా. ఏ ఆయిలైనా సాయంత్రం పోసి పొద్దున మళ్లీ పోసి, మధ్యలో తల మీద సుత్తితో గట్టిగా నాలుగు దెబ్బలు వేస్తే ఆ అదురుకు తుప్పులో పగుళ్లు వచ్చి ఆయిల్ లోపలికి దిగుతుంది. ఓపిక లేకపోతే ఆయిల్ పోసినా దండగే.

సాకెట్ ఎప్పుడూ ఆరు మూలలదే. పన్నెండు మూలలది బోల్టు తలను అంచుల దగ్గరే పట్టుకుంటుంది, తుప్పు తిన్న తల అయితే ఒక్క దెబ్బకు గుండ్రం అయిపోతుంది. సైజు విషయంలో కూడా అంతే జాగ్రత్త: అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 సాకెట్ పెడితే ఎక్కినట్టే ఉంటుంది, ఆ 0.3 తేడాకే తల పోతుంది. పాత బళ్లలో అంగుళాల బోల్టులు, మెట్రిక్ బోల్టులు కలిసి ఉండటం మామూలే. తుప్పుకు తల అరిగి చిన్నదైతే నేను ఒక సైజు తక్కువ సాకెట్‌ను సుత్తితో దిగ్గొట్టి తిప్పాను.

ఇక తిప్పడం. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు కొద్దిగా. ఆ చిన్న కదలికకే తుప్పు పట్టు తప్పుతుంది. తర్వాత పొడవాటి బార్ పెట్టి మెల్లగా విప్పే వైపు. ఇక్కడ చేతికి వచ్చే కబురు వినాలి. బోల్టు కిర్రుమంటూ, ఆగుతూ ఆగుతూ కదిలితే మంచిదే, వస్తోంది. చప్పుడు లేకుండా రబ్బరులా మెత్తగా సాగుతున్నట్టు అనిపిస్తే మాత్రం వెంటనే ఆపాలి, అప్పుడు తిరుగుతున్నది త్రెడ్డు కాదు, బోల్టు మెలి తిరుగుతోంది. కదిలాక కూడా ఒక్కసారే లాగెయ్యకూడదు. పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, ఆయిల్ చుక్క వేసి, మళ్లీ విప్పి. అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటే ఎర్రటి బురద త్రెడ్ల మధ్య నుంచి కారుతుంది, అది చూస్తే ఎంత ఆనందమో.

ఇంజన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర ఇవేవీ చాలలేదు. వేల సార్లు వేడెక్కి చల్లారిన స్టడ్లు (తల లేని బోల్టులు) అవి. అక్కడ గ్యాస్ టార్చ్ తప్పలేదు. వేడి చేయాల్సింది నట్టును, స్టడ్‌ను కాదు. 10 మిల్లీమీటర్ల నట్టు రంధ్రం 500 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.06 మిల్లీమీటరు మాత్రమే, చూడటానికి ఏమీ కాదు, కానీ తుప్పు పట్టు వదలడానికి అదే ఎక్కువ. ఎర్రబడనిచ్చి, కాస్త చల్లారాక మైనపు కొవ్వొత్తిని త్రెడ్ల దగ్గర తాకిస్తే కరిగి లోపలికి జర్రున పీల్చుకుపోతుంది. కళ్ల ముందే ఆ మైనం మాయమవడం చూశాక నాకు దాని మీద గురి కుదిరింది.

మంట వాడేటప్పుడు మాత్రం రాజీ వద్దు. పెట్రోలు ట్యాంకు, పైపులు, బ్రేక్ గొట్టాలు, షాక్ అబ్జార్బర్ల దగ్గర టార్చ్ అసలు వెలిగించలేదు. మూత బిగిసిన షాక్ అబ్జార్బర్ వేడికి పేలవచ్చు. క్లోరిన్ రకం బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణానికే ముప్పు. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకుని, పని అయ్యాక కూడా కాసేపు అక్కడే ఉండి చూడాలి.

ఇంత చేసినా మానిఫోల్డ్ స్టడ్ ఒకటి విరిగింది, తుప్పు దాని నడుమును సగం ఎప్పుడో తినేసింది. చాలామంది వెంటనే ఈజీ ఔట్ అందుకుంటారు. నాకు అది నచ్చదు. నిండు లావున్న స్టడ్డే రాకుండా విరిగినప్పుడు, దాని మధ్యలో చిల్లు చేసి దించే సన్నటి పనిముట్టు ఎంత బలం ఆపుతుంది? పైగా అది గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని తొలవలేదు. నేను బ్యాటరీ వైర్లు తీసేసి, విరిగిన మొన మీద ముందు వాషరు, దాని మీద పెద్ద నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగ్ నింపించాను. ఇక్కడ లాభం రెండు రకాలు: పట్టుకోవడానికి కొత్త తల దొరుకుతుంది, ఆ వేడికి స్టడ్ ఉబ్బి చుట్టూ ఉన్న తుప్పును నలిపి మళ్లీ కుంచించుకుంటుంది. స్టడ్ దిగి ఉన్న ఇంజన్ హెడ్ అల్యూమినియం కాబట్టి వెల్డింగ్ దానికి అతుక్కోదు. ఎరుపు తగ్గి ఇంకా వేడిగా ఉండగానే స్పానర్ పెట్టి అటూ ఇటూ ఆడిస్తే ఊడి చేతికొచ్చింది. వెల్డింగ్ కుదరని చోట ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్ మంచిది, తొలుస్తుండగానే చాలాసార్లు ముక్క దానంతటదే తిరిగి వచ్చేస్తుంది. తొలిచే ముందు కొట్టే పంచ్ గుర్తు మాత్రం సరిగ్గా మధ్యలో పడాలి.

బ్రేకుల దగ్గర ఇంకో రకం టెన్షన్. బ్రేక్ ఆయిల్‌లోంచి గాలి తీసే నిపిల్ లోపల బోలుగా ఉంటుంది, ఇట్టే విరుగుతుంది. దాని రంధ్రంలో సరిపడే డ్రిల్ బిట్ కాడ దూర్చి, తల మీద మెల్లగా తట్టి, ఆరు మూలల సాకెట్‌తో తిప్పితే నలగకుండా వచ్చింది. బ్రేక్ పైపులు ఎలాగూ మార్చేవే కాబట్టి పైపును నట్టు పక్కనే కత్తిరించి నిండు సాకెట్ ఎక్కించాను.

కొన్నింటిని కాపాడే ప్రయత్నమే చేయలేదు. సస్పెన్షన్‌లో నట్టు ఊడినా బోల్టు రాదు, బుష్ అనే రబ్బరు దిమ్మె లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయి రబ్బరుతో పాటు తిరుగుతుంది. అలాంటివి బుష్‌కు రెండు వైపులా కోసేశాను.

మళ్లీ బిగించేటప్పుడు తల మీది నంబరు చూసి అదే గ్రేడు కొన్నాను. 8.8 అని ఉంటే 800 మెగాపాస్కల్ బలం, అందులో 80 శాతం దాకా శాశ్వతంగా సాగదని అర్థం. మెరుస్తుంది కదా అని మామూలు స్టెయిన్‌లెస్ బోల్టును సస్పెన్షన్‌లో వేయకూడదు, చాలా రకాలకు అంత బలం ఉండదు. త్రెడ్లు శుభ్రం చేయడానికి కోసే ట్యాప్ కాకుండా, ఉన్న గాట్లను కోయకుండా శుభ్రం చేసే త్రెడ్ చేజర్ వాడాను. మానిఫోల్డ్ స్టడ్లకు కాపర్ గ్రీజు రాశాను. గ్రీజు రాస్తే రాపిడి తగ్గుతుంది, మాన్యువల్‌లో పొడి త్రెడ్డుకు రాసిన టార్క్ (తిప్పి బిగించే బలం) అలాగే పెడితే బోల్టు అవసరానికి మించి సాగుతుంది, కాబట్టి అక్కడ ఆ అంకె తగ్గించి బిగించాను.