మామ్మ బైబిల్లో తాటాకు

పోయిన మట్టల ఆదివారం, అంటే ఈస్టరుకు ముందు తాటాకులు చేతపట్టుకునే ఆదివారం, గుడి నుంచి వచ్చాక మామ్మ బైబిలు తెరిచాను. ఆవిడ ప్రభువు దగ్గరకు వెళ్ళి అప్పటికి ఐదు నెలలు, వయసు 93. అట్ట ఊడిపోతే తాతయ్య పాత చొక్కా గుడ్డతో కుట్టిన తొడుగు అలాగే ఉంది. 92వ కీర్తన దగ్గర ఎండిన తాటాకు ముక్క ఒకటి, ఎన్నేళ్ళ కిందటి మట్టల ఆదివారానిదో, ముట్టుకుంటే పొడి రాలేలా ఉంది. దాని పక్కనే నీలం పెన్సిలు గీత: "నీతిమంతులు ఖర్జూరవృక్షమువలె మొవ్వు వేయుదురు."

వందసార్లు విన్న మాటే. మొవ్వు దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగి చూడలేదు. మాది రేపల్లె వైపు పల్లెటూరు, కాలవ గట్ల నిండా తాటిచెట్లే. తాటికి కొమ్మలుండవు, పక్క చిగుళ్ళు రావు. నడినెత్తిన ఒక్కటే మొవ్వు, ఏ కొత్త ఆకైనా అందులోంచే రావాలి. కింది మట్టలు ఎండి రాలుతుంటాయి, మాను నల్లబడి గరుకు తేలుతుంది, అయినా మొవ్వు ఉన్నంతకాలం చెట్టుకి ఏమీ కాదు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే.

మామ్మ దీన్ని 1977లో కళ్ళారా చూసింది. నవంబరు 19, శనివారం, ఉప్పెన దివిసీమను ముంచేసిన రోజు. కృష్ణకు ఇవతల ఉన్న మా ఊళ్ళోకి సముద్రం రాలేదు గానీ గాలికి ఇంటి కప్పు లేచిపోయింది, గేదె చచ్చిపోయింది. తెల్లారితే ఆదివారం. గుడి మీద ఒక్క పెంకు మిగల్లేదట, గంట కొట్టే మనిషీ లేడట, అయినా మామ్మ తడి చీరతోనే నలుగురు పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి కూర్చుంటే, ఇంకో ఏడెనిమిది మంది చేరితే, పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారట. ఇల్లే లేనప్పుడు గుడికెందుకెళ్ళావు మామ్మా అని అడిగితే "ఆదివారం కదరా" అంది. అంతే. ఈ కీర్తన మీద కూడా విశ్రాంతిదినమునకు తగినదని రాసి ఉంటుంది. తలలు విరిగిన తాటిచెట్లు మోడులై నిలబడిపోయాయనీ, మట్టలన్నీ ఊడినా మొవ్వు మిగిలినవి మళ్ళీ పచ్చబడ్డాయనీ ఆవిడే చెప్పేది.

మామ్మ బడికి వెళ్ళలేదు. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ మిషను పల్లెలకు పాకాక, బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పేవాళ్ళు. అలాంటి ఒకావిడ దగ్గరే మామ్మ అక్షరాలు నేర్చుకుంది. చదివింది బైబిలు, పాటల పుస్తకం, అంతకు మించి లేదు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు రాసే ఉత్తరం కూడా "నీకు కృపయు సమాధానమును కలుగును గాక" అని మొదలై, ఆ కిందనే "నూనె రాసుకుని తల దువ్వుకో" అని ఉండేది.

పొయ్యి మీద ఎసరు పెట్టాక, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న పాలడబ్బాలో వేసేది. గుడికి కానుకగా ఇచ్చే దేవుని బియ్యం. ఇంట్లో గింజలు తక్కువైన రోజున మా పళ్ళేల్లో తగ్గేదేమో గానీ ఆ పిడికిలి మాత్రం చిన్నదయ్యేది కాదు. శనివారం డబ్బా ఖాళీ చేసి సంచిలో పోసి ముడేసేది.

చివరి మూడేళ్ళు తుంటి విరిగి మంచాన పడింది, గుడికి వెళ్ళలేకపోయింది. ఆదివారం మాత్రం పొద్దున్నే తెల్లచీర కట్టించమనేది, దిండ్లకు ఆనుకుని బియ్యం సంచి ఒళ్ళో పెట్టుకుని గంట కోసం చూసేది. "యెహోవా మందిరములో నాటబడినవారై" అని ఉంది కదా, వెళ్ళి వచ్చేవారై అని లేదు. ఆ మంచం ఎదురుగా ఉన్న మూడేళ్ళూ నాకీ తేడా తట్టలేదు, ఇప్పుడు తెలుస్తోంది.

ముసలితనంలో చిగురు పెట్టేది ఎందుకో కూడా ఆ కీర్తనే చెబుతుంది: యెహోవా యథార్థవంతుడనీ, ఆయనలో ఏ చెడుతనమూ లేదనీ ప్రసిద్ధి చేయడానికి. ఈ మాట నాకు కష్టం. మా నాన్న మామ్మ కంటే ముందే పోయాడు, 61 ఏళ్ళకే. పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడికలో మామ్మ లేచి కీర్తన ఎత్తుకుంటే నాకు ఒళ్ళు మండింది. కన్నకొడుకు పోతే పాటేంటి అనుకున్నా. ఆ రాత్రి వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏడుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఏడవనీరా. వాడు లేడని ఏడుస్తున్నా, ఆయన మీద కోపంతో కాదు" అంది. నాకింకా అంత చేతకావడం లేదు, ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల పండుగకు వెళ్ళాం. నాన్న సమాధికి, పక్కనే మామ్మ సమాధికి ముందురోజే సున్నం వేశాం. పూలు చల్లి, గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తులకు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడి ఆ కీర్తనే చదువుకున్నాం. ఈ ఏటి మట్టలోంచి ఒక ఆకు చించి పాతదాని పక్కన పెట్టాను.

ఇంటికొచ్చేసరికి తెల్లగా తెల్లారింది. అమ్మ ఎసరు పెట్టి, బియ్యం కడగబోతూ ఆగి, ఒక పిడికెడు తీసి పాలడబ్బాలో వేసింది.